ఇంటర్న్‌షిప్‌కు ముందు ఏడాది



కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలున్న ఇళ్ళలో మార్చి, ఏప్రిల్ నెలలు రాగానే ఇంటర్న్‌షిప్ మాట మొదలవుతుంది. పక్కింటి అబ్బాయికి హైదరాబాద్‌లో ఏదో కంపెనీలో వచ్చిందట, మనవాడికి ఇంకా రాలేదేమిటని అమ్మానాన్నలు కంగారు పడతారు. పిల్లలేమో అర్ధరాత్రి దాకా కూర్చుని, కనిపించిన ప్రతి కంపెనీకీ దరఖాస్తు పెడుతుంటారు. నిజానికి అప్పటికే చాలా ఆలస్యమై ఉంటుంది. మే నెలలో మొదలయ్యే ఇంటర్న్‌షిప్‌కు పెద్ద కంపెనీలు అంతకు ముందు జులై, ఆగస్టు, సెప్టెంబర్‌లలోనే పిల్లల్ని ఎంచుకుంటాయి. ఐఐటీల్లో, ఎన్‌ఐటీల్లో, గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో మూడో సంవత్సరం తరగతులు మొదలైన కొద్ది వారాలకే ఆన్‌లైన్ పరీక్షలూ ఇంటర్వ్యూలూ మొదలైపోతాయి. అంటే వాటికి తయారవ్వాల్సింది రెండో సంవత్సరంలో. మన జిల్లాల్లోని కాలేజీల్లో చాలామందికి ఈ సంగతి తెలిసేసరికి నాలుగో సంవత్సరం వచ్చేస్తుంది. తెలివి తక్కువై వాళ్ళు వెనకబడటం లేదు. ముందుగా చెప్పేవాళ్ళు లేక వెనకబడుతున్నారు. పాఠాలు చెప్పే వృత్తిలో ఉన్నవాణ్ణి గనుక ఇది చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. అందుకే ఈ పూట ఆ ముందు ఏడాది గురించి మాట్లాడతాను.

చదువుకుంటూ పని నేర్చుకోవడమనే పద్ధతి కంప్యూటర్ల కంటే పాతది. 1906లో అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ అనే ఆచార్యుడు ఇంజనీరింగ్ విద్యార్థులను కొంతకాలం తరగతిలో, కొంతకాలం కర్మాగారంలో ఉంచే ఏర్పాటు చేశారు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం 1957లో పుట్టినప్పటి నుంచీ ఇదే దారిలో నడుస్తోంది. మన దేశంలో పిలానీలోని బిట్స్ 1970లలో ప్రాక్టీస్ స్కూల్ పేరుతో దీన్ని చదువులో భాగం చేసింది. వీళ్ళందరి ఆలోచనా ఒక్కటే. పని తెలిసినవాడి పక్కన కూర్చుని పని చేస్తే, తరగతి గదిలో అందనిది అందుతుంది. ఇంటర్న్‌షిప్‌లో అసలు సరుకు ఆ పక్కన కూర్చోవడమే. స్టైపెండ్ గానీ, చివర్లో ఇచ్చే కాగితం గానీ దాని తరవాతే. ఈ వరస తలకిందులైన చోటే మన పిల్లలు మోసపోతున్నారు. ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

ముందు పరీక్ష సంగతి. కంపెనీ కాలేజీకి వస్తే మొదట ఆన్‌లైన్ పరీక్ష పెడుతుంది. గంట, గంటన్నర సమయంలో రెండో మూడో ప్రోగ్రామింగ్ లెక్కలు చెయ్యాలి. దానికి కూర్చోనివ్వడానికే చాలా కంపెనీలు ఏడు లేదా ఏడున్నర సీజీపీఏ అడుగుతాయి, బ్యాక్‌లాగ్ ఉండకూడదంటాయి. కాబట్టి మొదటి సంవత్సరం గణితాన్ని తేలిగ్గా తీసుకోవద్దని చెప్పి, అసలు విషయానికి వస్తాను. పరీక్షలో అడిగేవి డేటా స్ట్రక్చర్లు, అల్గారిథమ్‌లు. పిల్లలు ముద్దుగా డీఎస్ఏ అంటారు. లీట్‌కోడ్, కోడ్‌ఫోర్సెస్, కోడ్‌చెఫ్ లాంటి చోట్ల వేల లెక్కలు ఉచితంగా దొరుకుతాయి. వాటి మీద కూర్చునే పిల్లలు మన దగ్గర తక్కువేమీ లేరు. ఎన్ని చేశావంటే గర్వంగా ఒక అంకె చెబుతారు. ఆ అంకె వందల్లో ఉన్నా ఇంటర్వ్యూలో తడబడేవాళ్ళు ఎందరో ఉన్నారు. ఎందుకో ఒక ఉదాహరణతో చెబుతాను.

ఒక హోల్‌సేల్ కొట్టులో లక్ష బిల్లులున్నాయనుకోండి. వాటిలో ఏ రెండు బిల్లుల మొత్తం సరిగ్గా 1000 రూపాయలు అవుతుందో కంప్యూటర్ చేత కనిపెట్టించాలి. ఎవరికైనా ముందు తట్టే దారి, ప్రతి బిల్లునూ మిగతా ప్రతి బిల్లుతో కలిపి చూడటం. లక్ష బిల్లులకు అలాంటి జంటలు దాదాపు 500 కోట్లు వస్తాయి. అంత పని అక్కర్లేదు. మొదటి బిల్లు 340 రూపాయలైతే, దానికి జోడీ కావాల్సింది 660. ఇంతవరకూ చూసిన బిల్లుల్లో 660 ఉందా అని అడిగితే వెంటనే జవాబిచ్చే పట్టిక ఒకటి పక్కన పెట్టుకుంటే చాలు. ఉంటే దొరికినట్టే. లేకపోతే 340ని ఆ పట్టికలో రాసుకుని తరవాతి బిల్లుకు వెళ్తాం. లక్ష బిల్లులను ఒక్కసారి చదివితే పని అయిపోతుంది. ఈ పట్టికనే హ్యాష్ టేబుల్ అంటారు. ఇది మన సిలబస్‌లో ఉంది, పరీక్షలో పది మార్కుల ప్రశ్నగా పిల్లలు రాసే ఉంటారు.

ఇంటర్వ్యూ చేసే మనిషి ఈ జవాబు కోసమే ఎదురు చూస్తున్నాడని మన పిల్లలు అనుకుంటారు. ప్రశ్న వినగానే తల దించుకుని, మాట్లాడకుండా పదిహేను నిమిషాలు రాసి, అయిందండీ అంటారు. ఎదుటి మనిషికి కావాల్సింది ఆ పదిహేను నిమిషాల్లో వాళ్ళ తలలో జరిగినదంతా. 500 రూపాయల బిల్లు ఒక్కటే ఉంటే దాన్నే రెండుసార్లు లెక్కేయొచ్చా? సరుకు వాపసు ఇచ్చినప్పుడు మైనస్ బిల్లు ఉండొచ్చా? ఒక జంట చాలా, అన్ని జంటలూ కావాలా? బిల్లులు లక్ష కాకుండా వంద కోట్లయి, పట్టిక మెమరీలో పట్టకపోతే ఏం చెయ్యాలి? ఈ ప్రశ్నలు విద్యార్థి నోటి నుంచి రావాలి. మొదట ఐదొందల కోట్ల దారి చెప్పి, ఇది నెమ్మది అని తనే గుర్తించి, మంచి దారికి రావడం కూడా వినిపించాలి. ఆఫీసులో పక్క కుర్చీలో కూర్చోబోయే మనిషి ఎలా ఆలోచిస్తాడో చూడటమే ఆ ఇంటర్వ్యూ.

పైకి మాట్లాడుతూ ఆలోచించడం మన చదువులో ఎక్కడా నేర్పం. ఇంటర్మీడియట్ రెండేళ్ళూ నోరెత్తకుండా లెక్కలు చేయిస్తాం. ఆ తరవాత ఒక్కసారిగా ఇంగ్లీషులో, కొత్త మనిషి ముందు ఆలోచించమంటే పిల్లలు బిగుసుకుపోతారు. దీనికి నేను చూసిన మందు ఒకటే. హాస్టల్‌లో ఇద్దరు స్నేహితులు రోజూ సాయంత్రం ఒక గంట కూర్చోవాలి. ఒకరు ప్రశ్న అడగాలి, ఇంకొకరు తెల్ల కాగితం మీద రాస్తూ మాట్లాడాలి. మొదట తెలుగులోనే మాట్లాడండి. ఆలోచన తెలుగులో సాఫీగా సాగడం మొదలైతే దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చుకోవడానికి రెండు మూడు నెలలు చాలు. ఆలోచనే సాగని చోట ఎంత ఇంగ్లీషు ఉన్నా ఉపయోగం ఉండదు. తెలుగు మీడియంలో చదివి నూజివీడు, ఇడుపులపాయ, బాసర ట్రిపుల్ ఐటీ క్యాంపస్‌లలో చేరే పల్లెటూరి పిల్లలకు ఈ మాట మరీ మరీ చెప్పాలని ఉంటుంది.

ఇక ప్రాజెక్టుల సంగతి. మన పిల్లల రెజ్యూమెలు చూస్తే తండ్రి పేరు, పుట్టిన తేదీ, హాబీలు, చివర పైవన్నీ నిజమేనని ఒక ప్రకటన ఉంటాయి. అవేవీ అక్కర్లేదు. ఒక్క పేజీ చాలు, అందులో తాను చేసిన పని కనిపించాలి. పని దగ్గరికి వచ్చేసరికి లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అనో, విద్యార్థుల హాజరు పట్టిక అనో ఉంటుంది. వాటిలో సగం ప్రాజెక్టు సెంటర్లలో కొన్నవి. ఈమధ్య అవి కూడా పోయి, చాట్‌జీపీటీ లాంటి సాధనాలు రాసిచ్చినవి వస్తున్నాయి. ఆ సాధనాలను వాడటంలో తప్పేమీ లేదు, ఆఫీసుల్లోనూ వాడుతున్నారు. కానీ ఈ వరస ఎందుకు ఇలా రాశావు, తీసేస్తే ఏమవుతుంది అని అడిగినప్పుడు జవాబు చెప్పలేకపోతే ఆ ప్రాజెక్టు నీది కాదని అవతలివాళ్ళకు తెలిసిపోతుంది.

చిన్నదైనా ఇంట్లోంచి పుట్టిన ప్రాజెక్టు ఎంత మాట్లాడిస్తుందో చూడండి. గుంటూరు దగ్గర ఒక మిర్చి రైతు ఇంట్లో కంప్యూటర్ సైన్స్ చదివే అమ్మాయి ఉందనుకుందాం. మార్కెట్ యార్డులో ఇవాళ తేజ రకం ధర ఎంత, 334 రకం ధర ఎంత అని నాన్న రోజూ ఎవరికో ఒకరికి ఫోన్ చేస్తుంటాడు. కేంద్ర ప్రభుత్వం నడిపే అగ్‌మార్క్‌నెట్‌లో దేశంలోని మార్కెట్ల ధరలు రోజూ పెడతారు. వాటిని తెచ్చి, ఉదయాన్నే నాన్న ఫోన్‌కు తెలుగులో సందేశం పంపే ప్రోగ్రామ్ రాద్దామని ఆమె మొదలుపెడుతుంది. రెండు రోజుల్లో అయిపోతుందనిపిస్తుంది. మొదలుపెట్టాక అసలు సంగతులు బయటపడతాయి. యార్డుకు సెలవైన రోజు ధర ఉండదు. అప్పుడు నిన్నటి ధర పంపాలా, ఏమీ పంపకూడదా? ఒకే రకం పేరు రెండు విధాలుగా రాసి ఉంటే రెండూ ఒకటేనని ప్రోగ్రామ్‌కు ఎలా తెలుస్తుంది? ధర క్వింటాలుకా, కిలోకా? ఒక అంకె పొరపాటున పది రెట్లు పడితే, అది నమ్మి నాన్న సరుకు లారీ ఎక్కిస్తే? తెల్లవారుజామున ఇంటర్నెట్ లేకపోతే మళ్ళీ ఎప్పుడు ప్రయత్నించాలి? ఒకే సందేశం రెండుసార్లు వెళ్ళకుండా ఎలా చూడాలి?

ఈ ప్రశ్నలతో నెల రోజులు కుస్తీ పట్టిన అమ్మాయిని ఇంటర్వ్యూలో కదిపితే అరగంట ఆపకుండా చెబుతుంది. ఆ ప్రోగ్రామ్ రెండొందల వరసలే ఉండొచ్చు. అయినా డేటా శుభ్రం చెయ్యడం, తప్పులు పట్టడం, వాడే మనిషి గురించి ఆలోచించడం అన్నీ అందులో ఉన్నాయి. నేనైతే పది లైబ్రరీ ప్రాజెక్టులను పక్కన పెట్టి ఈ అమ్మాయిని పిలుస్తాను. ఆ ప్రోగ్రామ్‌ను గిట్‌హబ్‌లో పెట్టి, ఇది ఏం చేస్తుంది, ఎలా నడపాలి అని నాలుగు వాక్యాలు రాసి ఉంచితే చూసేవాళ్ళకు ఇంకా సులువు.

మా కాలేజీకి కంపెనీలే రావండీ, మేమేం చెయ్యాలి అని అడుగుతారు. ఇది నిజమైన బాధ. పెద్ద కంపెనీలు వచ్చే కాలేజీలు మన రెండు రాష్ట్రాల్లో కొద్దిగానే ఉన్నాయి. మిగతా వాళ్ళు సొంతంగా దరఖాస్తు పెట్టుకునే ఆఫ్ క్యాంపస్ దారి పట్టాలి. సీనియర్లను రిఫరల్ అడగడం, అంటే తమ కంపెనీకి మన పేరు చెప్పమనడం, అందులో ఒకటి. అన్నా రిఫర్ చెయ్యండి అని ఒక్క ముక్క వంద మందికి పంపితే ఎవరూ పలకరు. అన్నా, నేను మన కాలేజీలో మూడో సంవత్సరం చదువుతున్నాను, మీ కంపెనీలో ఫలానా ఇంటర్న్‌షిప్ చూశాను, దానికి దగ్గరగా ఈ పని చేశాను, ఒకసారి చూసి సరిపోతాననిపిస్తే రిఫర్ చెయ్యగలరా అని రాస్తే చాలామంది సాయం చేస్తారు. తమ్ముడో చెల్లో ఇంత శ్రద్ధగా అడిగితే కాదనే సీనియర్లు అరుదు.

అన్నిటికంటే బాగా తెరిచి ఉన్న తలుపు మాత్రం ఓపెన్ సోర్స్. ప్రపంచమంతా వాడే ఎన్నో సాఫ్ట్‌వేర్ల కోడ్ బహిరంగంగా ఉంటుంది. ఎవరైనా చదవొచ్చు, తప్పు దొరికితే దిద్ది పంపొచ్చు. కాలేజీ పేరు ఎవరూ అడగరు. 2005లో మొదలైన గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ ఈ పనికి స్టైపెండ్ ఇస్తుంది. ఇప్పటికి 20 వేల మందికి పైగా అందులో పని చేశారు, భారతీయ విద్యార్థుల సంఖ్య ఏటా పెద్దగానే ఉంటుంది. పద్దెనిమిదేళ్ళు నిండి, ఓపెన్ సోర్స్‌కు కొత్తవాళ్ళయితే చాలు. ఇంటి దగ్గర నుంచే చెయ్యొచ్చు. పాల్గొనే సంస్థల జాబితా ఫిబ్రవరిలో వస్తుంది, దరఖాస్తులు మార్చి నెలాఖరు ప్రాంతంలో తీసుకుంటారు. ఎంపికయ్యేవాళ్ళు మాత్రం ఆ గడువు కంటే నెలల ముందే ఒక ప్రాజెక్టులో చేరి చిన్న చిన్న తప్పులు దిద్దుతూ కనిపిస్తారు. ప్రతిపాదన ఎంత బాగా రాసినా, అంతవరకూ ముఖం చూపించని మనిషిని మెంటార్లు ఎంచుకోవడం కష్టం.

ఔట్రీచీ అని మరో కార్యక్రమం ఏడాదికి రెండుసార్లు ఇలాంటి అవకాశమే ఇస్తుంది. సాంకేతిక రంగంలో తగిన చోటు దొరకనివారి కోసం పెట్టింది గనుక మన అమ్మాయిలు తప్పకుండా చూడాలి. ఇటీవలి విడతల్లో స్టైపెండ్ 7,000 డాలర్లు. ఇక్కడ కూడా ఎంపికకు ముందు కొన్ని వారాలు నిజంగా పని చేసి చూపించాలి.

ఓపెన్ సోర్స్‌లో మన భాషకూ చోటుంది. తెలుగు వికీపీడియా 2003 నుంచీ ఉంది. దాన్ని నడిపే మీడియావికీ సాఫ్ట్‌వేర్ అంతా ఓపెన్ సోర్సే. ఆ సాఫ్ట్‌వేర్‌ను చూసుకునే వికీమీడియా, నేను చెప్పిన రెండు కార్యక్రమాల్లోనూ పాల్గొంటూ వస్తోంది. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం ఏళ్ళుగా పని చేస్తోంది. తెలుగు అక్షరాలు తెర మీద విరిగిపోయినా, వెతికితే ఒత్తులున్న మాట దొరక్కపోయినా ఆ బాధ ఎక్కడో ఉన్న ప్రోగ్రామర్ కంటే తెనాలిలో కూర్చున్న విద్యార్థికి బాగా తెలుసు. ఆ తెలివిడి వాళ్ళకు పుట్టుకతో వచ్చిన బలం.

మొదటిసారి ఓపెన్ సోర్స్ కోడ్ తెరిస్తే భయమేస్తుంది. వేల ఫైళ్ళుంటాయి. మన ల్యాబుల్లో ఎప్పుడూ ఖాళీ ఫైలుతో మొదలుపెట్టి యాభై వరసలు రాయిస్తాం. ఇంకొకరు రాసిన లక్ష వరసలు చదివించం. ఉద్యోగంలో చేసేది మాత్రం ఎక్కువగా ఈ చదవడమే. అందుకే ఓపెన్ సోర్స్‌లో ఒక చిన్న మార్పు అంగీకరింపజేసుకున్న పిల్లలు ఇంటర్న్‌షిప్ రాకముందే సగం ఇంటర్న్‌షిప్ చేసినట్టు. వాళ్ళు పంపిన మార్పును ఎవరో జర్మనీ నుంచో బ్రెజిల్ నుంచో చూసి, ఈ పేరు బాగాలేదు, దీనికి టెస్ట్ రాయలేదు అని వెనక్కి పంపుతారు. పిల్లలు దిద్ది మళ్ళీ పంపుతారు. ఆ వెనక్కి రావడాన్ని అవమానంగా తీసుకోకూడదని మొదటి వారంలోనే పిల్లలకు చెప్పాలి. పెద్ద కంపెనీల్లో ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళ కోడ్ కూడా అలాగే వెనక్కి వస్తుంటుంది.

ఇప్పుడు ఇందాక ఆపిన మాట, పిల్లలు మోసపోతున్న సంగతి. మన యూనివర్సిటీలు ఇంటర్న్‌షిప్‌ను సిలబస్‌లో చేర్చి క్రెడిట్లు ఇస్తున్నాయి. ఉద్దేశం చాలా మంచిది. కానీ ప్రతి విద్యార్థికీ కాగితం కావాల్సి వచ్చేసరికి కాగితాలు అమ్మేవాళ్ళు పుట్టుకొచ్చారు. వాట్సాప్‌లో ఆఫర్ లెటర్ వస్తుంది. రిజిస్ట్రేషన్‌కో శిక్షణకో కొన్ని వేలు కట్టమంటారు. తరవాత ఒక క్యాలిక్యులేటర్, ఒక పనుల జాబితా, ఒక సొంత వెబ్‌సైట్ చేసి పంపమంటారు. చూసేవాళ్ళు ఉండరు, మెంటార్ ఉండడు, నెల తిరిగేసరికి రంగురంగుల సర్టిఫికెట్ వస్తుంది. తల్లిదండ్రులకు నా విన్నపం ఇది. ఇంటర్న్‌షిప్ ఇస్తామని మీ దగ్గర డబ్బు అడిగితే అది శిక్షణ కోర్సు, అంతే. ఆ డబ్బు కట్టకండి. అదే పాఠం ఐఐటీల ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగా వినొచ్చు. ఆ సర్టిఫికెట్ చూపించి ఇంటర్వ్యూకు వెళ్ళిన పిల్లలు, నీ పని ఎవరు చూశారు, ఏం దిద్దమన్నారు అనే ప్రశ్న దగ్గర ఆగిపోవడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. తప్పు వాళ్ళది కాదు, అదే ఇంటర్న్‌షిప్ అని వాళ్ళను నమ్మించారు.

చాలామంది అడుగుతున్నారు గనుక ఒక మాట. 2024 అక్టోబర్‌లో ప్రయోగాత్మకంగా మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం పూర్తికాలం చదువుతున్న విద్యార్థుల కోసం పెట్టింది కాదు. చదువు అయిపోయి ఖాళీగా ఉన్న యువత కోసం. బీటెక్ చదువుతున్న పిల్లలు దాని మీద ఆశ పెట్టుకునే ముందు ఇప్పటి నిబంధనలు చూసుకోవాలి. పరిశోధన మీద మనసున్నవాళ్ళకు వేరే దారులున్నాయి. దేశంలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి వేసవి పరిశోధనా ఫెలోషిప్‌లు ఇస్తాయి. సంగారెడ్డి దగ్గర కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్ బయటి కాలేజీల విద్యార్థులను వేసవిలో తీసుకుంటుంది. బాలానగర్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రంలో ఉపగ్రహ చిత్రాల మీద విద్యార్థి ప్రాజెక్టులు చెయ్యొచ్చు. స్టైపెండ్ ఉన్నా లేకున్నా, పక్కన కూర్చోబెట్టుకుని చెప్పే శాస్త్రవేత్త ఉంటారు.

అమెరికాకు ఎంఎస్‌కు వెళ్ళే పిల్లలకు గడియారం ఇంకా వేగంగా తిరుగుతుంది. ఆగస్టులో దిగుతారు. సామాన్లు సర్దుకోకముందే, సెప్టెంబర్‌లో కెరీర్ ఫెయిర్. మరుసటి వేసవి ఇంటర్న్‌షిప్‌లకు దరఖాస్తులు అప్పుడే నడుస్తుంటాయి. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్ళు సాధారణంగా ఒక విద్యా సంవత్సరం పూర్తి చేశాకే, సీపీటీ అనే అనుమతితో ఇంటర్న్‌షిప్ చెయ్యగలరు. అందుకే ఆ మొదటి వేసవి అంత విలువైనది. విమానం ఎక్కేముందు ఇక్కడే రెజ్యూమె సిద్ధం చేసుకుని, ఇందాక చెప్పిన సాయంత్రపు సాధన మొదలుపెడితే మంచిది.

ఇంటర్న్‌షిప్ వచ్చాక ఏం చెయ్యాలన్నది కూడా చెప్పాలి, ఎందుకంటే మన పిల్లలు అక్కడా ఒక చోట నష్టపోతున్నారు. సందేహం వస్తే అడగరు. అడిగితే చులకనవుతామని రెండు మూడు రోజులు తమలో తామే నలిగిపోతారు. ఎనిమిది పది వారాల ఇంటర్న్‌షిప్‌లో మూడు రోజులు చాలా ఎక్కువ. ఒక పూట సొంతంగా ప్రయత్నించండి. ఏమేం చేసి చూశారో రాసుకోండి. ఆ కాగితం పట్టుకుని మెంటార్ దగ్గరికి వెళ్ళండి. ఇది చేశాను, ఇలా వచ్చింది, ఇక్కడ ఆగిపోయాను అని చెప్పేవాళ్ళను ఏ మెంటారూ విసుక్కోరు. చదువయ్యాక ఉద్యోగానికి రమ్మని ముందే ఇచ్చే ఆఫర్, అదే పీపీవో, ఇలా అడుగుతూ పని పూర్తి చేసినవాళ్ళకే తరచుగా వస్తుంది.

అధ్యాపక మిత్రులకూ, ఈ వేసవిలో ఇంటర్న్‌షిప్ చేసొచ్చే విద్యార్థులకూ ఒక అభ్యర్థన. కాలేజీ తెరిచిన మొదటి వారంలో రెండో సంవత్సరం పిల్లల్ని ఒక గదిలో కూర్చోబెట్టండి. ఎప్పుడు దరఖాస్తు పెట్టారు, ఏం అడిగారు, ఎక్కడ తడబడ్డారు, ఎన్ని చోట్ల రాలేదు, అన్నీ తెలుగులో చెప్పండి. రాకపోయినవి దాచకండి. రెండో సంవత్సరం విద్యార్థులు అంతవరకూ ఆగక్కర్లేదు. సమ్మర్ ఆఫ్ కోడ్ వెబ్‌సైట్‌లో గత సంవత్సరాల్లో ఏ సంస్థ ఏ పని చేయించిందో ఉంది. కాలేజీ లైబ్రరీ కంప్యూటర్ చాలు. మీకు నచ్చిన ఒక్క ప్రాజెక్టు ఎంచుకుని, దాని కోడ్‌లో ఒక ఫైలు తెరిచి, అది ఏం చేస్తుందో మీ స్నేహితుడికి చెప్పడంతో ఈ వారమే మొదలుపెట్టండి.